పక్కన కూర్చుని చూడటం నేర్పే సబ్జెక్టు

(మూడో సంవత్సరం కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ఎలక్టివ్ ఎంచుకునే ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి.

హెచ్‌ఓడీ గారు నన్ను పిలిచింది ఒక్క పని మీద. వచ్చే సెమిస్టర్‌కి మీ ముందున్న ఎలక్టివ్స్‌లో హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ ఒకటి. హెచ్‌సీఐ అంటాం. అదేమిటో, ఎవరు తీసుకుంటే బాగుంటుందో చెప్పమన్నారు. మీ సీనియర్లు ఇప్పటికే చెప్పే ఉంటారు కదా? కోడింగ్ ఉండదు, స్కోరింగ్ సబ్జెక్టు, పరీక్ష ముందు రోజు ఆల్-ఇన్-వన్ గైడు తిరగేస్తే గట్టెక్కేస్తాం అని. అవునా? తలలూపుతున్నారు కాబట్టి అవుననే అనుకుంటాను.

ఆ ఒక్క కారణంతో తీసుకోవాలనుకునేవాళ్ళకి నా మనవి ఏమిటంటే, దయచేసి వేరేది తీసుకోండి. కోపంతో అనడం లేదు. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో మీరు చదివే ప్రతి సబ్జెక్టూ యంత్రం వైపు నుంచి మాట్లాడుతుంది. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డీబీఎంఎస్, అన్నీ. ఆ యంత్రం ముందు కూర్చున్న మనిషి వైపు నుంచి మాట్లాడేది ఇదొక్కటే. దీన్ని బట్టీ పట్టి వదిలేస్తే ఆ రెండో వైపు మీరెప్పటికీ చూడరు. నా బాధ అది.

ఒక ప్రశ్న అడుగుతాను. ఒకతను యంత్రం దగ్గర తప్పు మీట లాగాడు. తప్పు ఎవరిది? లాగినవాడిదే అంటున్నారు. సరే, అందరూ అలాగే అంటారు. వినండి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వాళ్ళకి బీ-17 అని పెద్ద బాంబర్ విమానం ఉండేది. క్షేమంగా నేల మీదికి దిగి, రన్‌వే మీద పరుగెడుతున్న విమానం ఉన్నట్టుండి పొట్ట మీద కూలబడేది. ఏమైందని చూస్తే, పైలట్ ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు, మూయబోయి చక్రాలను లోపలికి లాగే మీట లాగేశాడు. పైలట్ పొరపాటు అని రాసి ఫైలు మూసేసేవారు. మళ్ళీ ఇంకో విమానం, మళ్ళీ అదే పొరపాటు. అల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టుని ఈ సంగతి చూడమన్నారు. ఆయన కాక్‌పిట్‌లో ఆ మీటలు చూశాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, రెండూ చూడటానికీ పట్టుకోవడానికీ ఒకేలా ఉన్నాయి. గంటల తరబడి యుద్ధంలో ఎగిరి అలిసిపోయి వచ్చినవాడి చెయ్యి దేని మీద పడుతుందో ఎవరు చెప్పగలరు? చక్రాల మీట చివర చిన్న రబ్బరు చక్రం తగిలించాడు. ఫ్లాప్స్ మీటకి రెక్క ఆకారంలో ముక్క తగిలించాడు. ఇక కళ్ళతో చూడక్కర్లేదు, తడిమితే చాలు. ఈ రోజుకీ ప్రయాణికుల విమానాల్లో చక్రాల మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది. ఎప్పుడైనా కాక్‌పిట్ ఫొటో దొరికితే చూడండి.

ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది?

ఇంకొకటి చెబుతాను. ఇది మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి సంబంధించింది, కాస్త కష్టంగా ఉంటుంది వినడానికి. థెరాక్-25 అని క్యాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం. కెనడా కంపెనీ తయారుచేసింది. 1985 జూన్ నుంచి 1987 జనవరి లోపల ఆరుగురు రోగులకి ఇవ్వాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చేసింది. ప్రాణాలు పోయాయి. మీలో కొందరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ క్లాసులో దీని పేరు వినే ఉంటారు. రేస్ కండిషన్‌కి, అంటే రెండు పనులు ఒకదానితో ఒకటి పోటీపడి వరస తప్పడానికి, ఉదాహరణ అని ఒక లైన్ రాసుకుని ఉంటారు. కానీ దాన్ని మనిషి వైపు నుంచి చూడండి.

1986 మార్చి, టెక్సాస్‌లోని టైలర్ అనే ఊరు. ఆపరేటర్ అనుభవం ఉన్న ఆవిడ. ఆ స్క్రీన్ మీద రోజూ పనిచేసి చేసి చేతివేగం బాగా వచ్చినావిడ. రెండు రకాల చికిత్సలుంటాయి, 'ఎక్స్' అక్షరం కొడితే ఎక్స్‌రే, 'ఈ' అక్షరం కొడితే ఎలక్ట్రాన్. 'ఈ' కొట్టాల్సిన చోట 'ఎక్స్' కొట్టింది. వెంటనే గమనించింది, కర్సర్ పైకి తీసుకెళ్ళి దిద్దింది, మిగతా గడులన్నీ ఎంటర్ కొట్టుకుంటూ గబగబా కిందికి వచ్చేసింది. స్క్రీన్ మీద అంతా సరిగ్గానే కనిపిస్తోంది. లోపల మాత్రం అయస్కాంతాలు సర్దుకోవడానికి 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలోపు దిద్దితే ఆ దిద్దుబాటు యంత్రానికి పూర్తిగా అందలేదు. బీమ్ ఆన్ చేసింది. యంత్రం ఆగింది. 'మాల్‌ఫంక్షన్ 54' అని చూపించింది. అంటే ఏమిటి? మాన్యువల్లో వివరణ లేదు. ఇలాంటి మెసేజ్‌లు రోజూ బోలెడన్ని వచ్చేవి, చాలావాటికి 'పీ' అక్షరం కొడితే పని సాగిపోయేది. ఆవిడా పీ కొట్టింది. లోపల గదిలో రోగికి అప్పటికే ఒకసారి తగిలిన రేడియేషన్ దెబ్బ రెండోసారి తగిలింది. ఆ రోజు గదిలో కెమెరా తీగ పీకేసి ఉంది, మాటలు వినిపించే ఏర్పాటూ పాడైంది. లోపల మనిషి అల్లాడుతున్నది ఆవిడకి కనిపించలేదు, వినిపించలేదు.

కంపెనీ ఇంజనీర్లు వచ్చి పరీక్షించారు. వాళ్ళకి ఆ 54 రాలేదు. యంత్రం బాగానే ఉందన్నారు. ఏప్రిల్‌లో మళ్ళీ అదే ఆసుపత్రిలో ఇంకో రోగికి అదే జరిగింది. అప్పుడు ఆ ఆసుపత్రి ఫిజిసిస్టు ఏం చేశాడో తెలుసా? ఆ ఆపరేటర్ పక్కన కూర్చున్నాడు. ఆ రోజు ఏ గడిలో ఏం కొట్టావు, ఎంత వేగంగా కొట్టావు, మళ్ళీ చెయ్యి అన్నాడు. ఇద్దరూ కలిసి మళ్ళీ మళ్ళీ కొట్టి చూశారు. ఆవిడ వేగంతో కొడితేనే 54 వస్తోంది. నెమ్మదిగా, చూసుకుంటూ కొట్టేవాళ్ళకి ఆ తప్పు ఎన్నటికీ కనపడదు.

ఈ ఒక్కటి పట్టుకోండి. ఆ తప్పు దొరికింది కోడ్ చదివితే కాదు, దాన్ని వాడే మనిషి పక్కన కూర్చుని ఆమె వేగంతో ఆమె పని చూస్తే. హెచ్‌సీఐ అంటే ఏమిటని నన్నెవరు అడిగినా నేను డెఫినిషన్ చెప్పను, ఈ సంగతి చెబుతాను.

మన దగ్గరికి వద్దాం. యూపీఐ అందరి ఫోన్లలో ఉంది కదా. కలెక్ట్ రిక్వెస్ట్ అని ఒకటి ఉండేది, గుర్తుందా? అవతలివాడు మనకి డబ్బు అడుగుతూ రిక్వెస్ట్ పంపిస్తాడు, మనం పిన్ కొడితే మన ఖాతా నుంచి పోతుంది. మోసగాళ్ళు ఫోన్ చేసి, అమ్మా మీకు క్యాష్‌బ్యాక్ వచ్చింది, స్క్రీన్ మీద కనపడుతోంది కదా, పిన్ కొట్టండి వచ్చేస్తుంది అనేవారు. పాపం కొట్టేసేవారు. ఎంతమంది పోగొట్టుకున్నారో మీ ఇళ్ళలోనే అడిగి చూడండి. బ్యాంకులన్నీ ఏళ్ళ తరబడి మెసేజ్‌లు పంపాయి, డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, జాగ్రత్త అని. మంచి మాటే. కానీ ఆ మెసేజ్ చదివేవాళ్ళెవరు? చదివినా, ఎవరో తొందరపెడుతుండగా ఆ క్షణానికి గుర్తొచ్చేదెవరికి? చివరికి 2025 అక్టోబరు 1 నుంచి వ్యక్తికీ వ్యక్తికీ మధ్య ఆ కలెక్ట్ రిక్వెస్టునే యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపేసింది. రబ్బరు చక్రం తగిలించడం అంటే అదే. జనాన్ని జాగ్రత్తగా ఉండమనడం ఒక దారి. అజాగ్రత్తగా ఉన్నా నష్టం జరగకుండా చూడటం ఇంకో దారి. ఇంజనీరుగా మీ చేతిలో ఉన్నది రెండోదే.

యూపీఐని తిట్టడానికి చెప్పలేదు. అందులోనే చక్కటి పని కూడా ఉంది. మన కాలేజీ గేటు ముందు మిరపకాయ బజ్జీల బండి చూడండి. అతని రెండు చేతులూ శనగపిండిలో ఉంటాయి. ఫోన్ ముట్టుకోలేడు. సాయంత్రం రద్దీలో ఎవరిచ్చారో, ఎవరివ్వలేదో చూసుకోలేడు. ఆ చిన్న సౌండ్‌బాక్స్ తెలుగులో ఇంత వచ్చింది అని అరుస్తుంది. అతను తల కూడా ఎత్తడు. సిలబస్‌లో ఫీడ్‌బ్యాక్ అని పది మార్కుల ప్రశ్న వస్తుంది, దాని జవాబు మీ గేటు ముందే ఉంది.

మన ఓటింగ్ యంత్రం కూడా అంతే. మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్), ఈ రెండూ తయారుచేస్తాయి. బటన్ నొక్కగానే గుర్తు పక్కన ఎర్ర దీపం, పొడుగ్గా ఒక బీప్, పక్కనున్న వీవీప్యాట్ అనే ప్రింటర్ అద్దంలో 7 సెకన్ల పాటు ఓటు చీటీ. చదువు రాని మనిషి ఒంటరిగా, రహస్యంగా, ఎవరినీ అడక్కుండా పని పూర్తి చేసుకోవాలి. అంత కఠినమైన షరతులతో మీరెవరూ ఇంతవరకూ ఒక స్క్రీన్ తయారుచేసి ఉండరు. బటన్లుండే ఒక యూనిట్ మీద 16 పేర్లే పడతాయి. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది నిలబడ్డారు, ఎక్కువమంది రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఒక్కసారి ఊహించండి. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ లోపలికి వచ్చింది. తన గుర్తు ఎన్నో డబ్బా మీద ఉంది? ఎటు నుంచి వెతకడం మొదలుపెడుతుంది? వెనక క్యూ ఉంది, అడగడానికి లేదు. ఇక్కడ నిజామాబాద్ పిల్లలు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని అడగండి, ఆ రోజు ఎలా వెతుక్కున్నారో. వాళ్ళు చెప్పేది రాసుకుని వస్తే నాకు అదే మొదటి అసైన్‌మెంట్.

సిలబస్ సంగతి

సిలబస్‌లో ఏముంటుందని అడుగుతారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కాస్త చరిత్ర ఉంటుంది. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌తో, తెర మీద లింకులతో, వీడియో కాల్‌తో చేసి చూపించిన ప్రదర్శన ఉంటుంది. దాని వీడియో దొరుకుతుంది, చూడండి, ఒళ్ళు జలదరిస్తుంది. ఫిట్స్ సూత్రం ఉంటుంది, 1954 నాటిది. తాకాల్సిన వస్తువు దూరమయ్యేకొద్దీ, చిన్నదయ్యేకొద్దీ ఎక్కువ సమయం పడుతుంది. ఇది చెప్పడానికి సూత్రం ఎందుకంటారా? ఎంత ఎక్కువో లెక్క కట్టి చెబుతుంది కాబట్టి. ఒంటిచేత్తో ఫోన్ పట్టుకున్నప్పుడు పై మూలనున్న చిన్న బాణం గుర్తు మీదికి బొటనవేలు ఎందుకు సాగలేకపోతోందో ఆ లెక్క చెబుతుంది.

సైకాలజిస్టు మిల్లర్ 1956లో రాసిన ఏడు ప్లస్ ఆర్ మైనస్ రెండు ఉంటుంది. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఏటా జవాబు పత్రాల్లో ఒకే తప్పు చూస్తున్నాను. మెనూలో ఏడు ఐటెమ్స్‌కి మించి ఉండకూడదు అని రాస్తారు. అలా కాదు. ఆయన చెప్పింది అప్పటికప్పుడు మనసులో పెట్టుకునే వాటి గురించి. మెనూ కళ్ళ ముందే ఉంటుంది కదా, గుర్తుపెట్టుకోవాల్సిన పనేముంది? ఓటీపీ చూడండి. ఒక యాప్‌లో చదివి, ఇంకో యాప్‌లోకి మారి, అక్కడ టైప్ చేయాలి. ఆ మధ్యలో అది మనసులో మోయాలి. మిల్లర్ గుర్తుకు రావాల్సింది అక్కడ. పక్కవాడు ఏదో అడిగితే ఓటీపీ మరిచిపోయి వెనక్కి వెళ్ళి చూడని మనిషి ఉన్నాడా?

ఇంకా, ష్నైడర్‌మన్ ఎనిమిది బంగారు సూత్రాలు, నీల్సన్ పది హ్యూరిస్టిక్స్, అంటే స్క్రీన్ బాగుందో లేదో చూసుకునే మోటు సూత్రాలు. ఇవి బట్టీ పట్టడానికి చాలా వీలుగా ఉంటాయి, అదే వాటితో ఇబ్బంది. ఎనిమిదీ పొల్లుపోకుండా రాసి ఎనిమిది మార్కులు తెచ్చుకుంటారు. ఒక నిజమైన స్క్రీన్ ముందు పెట్టి, ఇందులో ఏ సూత్రం తప్పింది, ఆ తప్పు వల్ల ఎవరికి ఇబ్బంది అని అడిగితే నోట మాట రాదు. నా క్లాసులో ఈ వరుస తిరగబడుతుంది. ముందు మనిషిని చూస్తాం. చూసింది రాసుకుంటాం. ఆ తర్వాతే సూత్రాల పేజీ తెరుస్తాం. అప్పుడు అవి మీకు ముందే తెలిసిన మనుషుల్లా కనిపిస్తాయి.

ప్రాజెక్టు సంగతి

ఇక్కడ కాస్త తీరిగ్గా మాట్లాడతాను, ఎందుకంటే ఈ కోర్సు ప్రాణం ఇక్కడే ఉంది. ప్రాజెక్టుకి నా షరతు ఒక్కటే. మీరు ఎంచుకునే మనిషి ఈ కాలేజీ వాళ్ళయి ఉండకూడదు. మీ రూమ్మేటు కాదు, మీ క్లాస్‌మేటు కాదు. మీలా ఆలోచించే మనిషిని చూస్తే మీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

మా విద్యార్థులు ఇద్దరు ఊళ్ళో ప్రభుత్వ ఆరోగ్య సబ్‌సెంటర్‌కి వెళ్ళారు. అక్కడ ఏఎన్‌ఎం, అంటే నర్సు, ఒకావిడ గర్భిణుల వివరాలు ట్యాబ్‌లో ఎక్కిస్తారు. అనుమతి తీసుకున్నారు, రోగుల పేర్లు ఒక్కటి కూడా రాసుకోబోమని మాట ఇచ్చారు. వీళ్ళు వెళ్ళేముందే మనసులో డిజైన్ అయిపోయింది. రంగులు మారుద్దాం, ఐకాన్లు పెద్దవి చేద్దాం, డ్యాష్‌బోర్డు పెడదాం. నేను చెప్పాను, రెండు పూటలు నోరు మూసుకుని కూర్చోండి, ఏమీ అడగకండి, చూడండి చాలు అని.

ఏం చూశారో వినండి. ట్యాబ్ అడిగే మొదటి ముఖ్యమైన సంగతి, ఆఖరిసారి నెలసరి వచ్చిన తేదీ. దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. దానికి 280 రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది, ఏ నెలలో ఏ పరీక్ష చేయించాలో దాన్నిబట్టే. గర్భిణి వచ్చి కూర్చుంది. ఎప్పుడమ్మా అని అడిగారు. ఆమె తేదీ చెప్పలేదు. 'పెత్రమాసకు రెండు దినాల ముందు మేడమ్' అంది. పెత్రమాస అంటే పెద్దల అమావాస్య. ఏఎన్‌ఎం లేచి గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్ళారు. పేజీలు వెనక్కి తిప్పారు. పెత్రమాస ఎప్పుడో వేలు పెట్టి చూశారు, రెండు గడులు వెనక్కి జరిపారు, ఆ తేదీ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నారు. వచ్చి కూర్చుని ట్యాబ్ తీశారు. ట్యాబ్‌లో క్యాలెండర్ ఈ రోజు తేదీతో తెరుచుకుంది. నెలకి ఒక నొక్కు చొప్పున వెనక్కి వెళ్ళారు. మధ్యలో తెర బిగుసుకుంది. మళ్ళీ మొదటి నుంచి. ఆ తర్వాత వచ్చినావిడ 'సంక్రాంతికి పుట్టింటికి పోయిన, వచ్చినంక వారానికి' అంది. మళ్ళీ గోడ దగ్గరికి.

మా పిల్లలిద్దరూ తిరిగొచ్చి నా గదిలో కూర్చుని చెబుతుంటే వాళ్ళ ముఖాలు వేరేగా ఉన్నాయి. రంగుల ఊసే ఎత్తలేదు. కాగితం మీద ఒక క్యాలెండర్ గీశారు. నెలల పేర్లతో పాటు ఆ ప్రాంతం పండుగలు, పెత్రమాస, సద్దుల బతుకమ్మ, సంక్రాంతి, శివరాత్రి, ఊరి జాతర. పండుగ మీద వేలు పెడితే ఆ వారం తెరుచుకుంటుంది, అక్కడి నుంచి రెండు రోజులు ముందుకో వెనక్కో జరపొచ్చు. కాగితమే, కోడ్ ఒక్క లైన్ లేదు. అది పట్టుకెళ్ళి మళ్ళీ ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ దాన్ని చూసి, 'జాతర తేదీ ఊరూరికీ మారుతుందమ్మా, ఇది నేనే రాసుకునేలా పెట్టండి' అన్నారు. చూశారా? మన పిల్లలకి తట్టనిది ఆవిడకి ఒక్క చూపులో తట్టింది. పేపర్ ప్రోటోటైప్ ఎందుకు అని యూనిట్ త్రీలో ప్రశ్న వస్తుంది. కాగితం అయితే ఎదుటి మనిషి మొహమాటం లేకుండా దిద్దుతారు, అందుకు. తళతళలాడే స్క్రీన్ చూపిస్తే పని అయిపోయిందనుకుని బాగుందంటారు.

ఈ 'బాగుంది' దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. మన దగ్గర ఇంటికొచ్చిన మనిషి మనసు నొప్పించరు. మీరు కాలేజీ నుంచి వచ్చారు, చదువుకున్నవాళ్ళు, కష్టపడి ఏదో చేసుకొచ్చారు. ఎలా ఉందమ్మా అంటే ఏమంటారు? చాలా బాగుంది బాబూ అంటారు. దీని మీద బెంగళూరులో చేసిన పరిశోధన 2012లో సీహెచ్‌ఐ అనే హెచ్‌సీఐ సదస్సులో వచ్చింది. అచ్చం ఒకేలాంటి రెండింటిని చూపించి, ఇందులో ఒకటి మేం తయారుచేసింది అని చెబితే, జనం దాన్నే బాగుందనడం రెండున్నర రెట్లు ఎక్కువైంది. అడిగేది విదేశీ పరిశోధకుడై, పక్కన దుబాసీ ఉంటే ఐదు రెట్లు. వస్తువు ఒకటే! కాబట్టి నచ్చిందా అని అడగకండి. ఒక పని ఇవ్వండి, చేయమనండి, చేసేటప్పుడు మనసులో అనుకునేది పైకి అనమనండి. వేలు ఎక్కడ ఆగిందో చూడండి. ఆవిడ నోటితో బాగుందన్నా వేలు నిజం చెబుతుంది.

ఇంకో మాట. ఐదుగురితో పరీక్షిస్తే చాలు అని పుస్తకంలో ఉంటుంది. లెక్క తేలికే. ఒక్కొక్కరి దగ్గర సగటున 31 శాతం లోపాలు బయటపడతాయనుకుంటే, ఐదుగురయ్యేసరికి దాదాపు 85 శాతం దొరుకుతాయి. లెక్క బాగుంది. కానీ ఆ ఐదుగురూ మీ హాస్టల్ వింగ్ వాళ్ళే అయితే? అందరికీ ఒకే వయసు, ఒకే రకం ఫోన్లు, ఒకే రకం ఇంగ్లిష్. ఒకే మనిషిని ఐదుసార్లు అడిగినట్టు. ఐదు అనే అంకె కన్నా ఆ ఐదుగురు ఎవరన్నది ముఖ్యం.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. మీరు రేపు ఎక్కడికెళ్ళినా, హైదరాబాద్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా, ఇది మీకు మాత్రమే తెలిసిన చోటు. 'స్త్రీ' అని రాయండి. కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కి ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కితే ఏం పోవాలి? అక్షరం మొత్తమా, గుడిదీర్ఘం ఒక్కటేనా? మీ ఫోన్‌లో ఇప్పుడే నొక్కి చూడండి. తర్వాత మీ అమ్మగారిని అడగండి, ఏం పోతుందని ఆవిడ అనుకుంటారో. ఇంగ్లిష్ యాప్‌ని తెలుగులోకి మార్చినప్పుడు బటన్ ఎత్తు సరిపోక కింద ఒత్తులు తెగిపోతాయి, మీరందరూ చూసే ఉంటారు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒక కూర్పులో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ వాళ్ళు ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. వేలమంది ఇంజనీర్లున్న చోట తెలుగులో రోజూ చాటింగ్ చేసే మనిషి పరీక్ష బల్ల దగ్గర ఎంతమంది ఉన్నారో అని నాకు అప్పుడు అనిపించింది. ఆ బల్ల దగ్గర మీరు ఉండాలి.

మంచి పని కూడా మన దేశంలోనే జరిగింది. ఐఐటీ బాంబేలో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అని 1969లో మొదలైంది, ఇప్పుడు ఐడీసీ స్కూల్ ఆఫ్ డిజైన్ అంటారు. అక్కడివాళ్ళు స్వరచక్ర అని కీబోర్డు తయారుచేశారు, తెలుగులోనూ ఉంది. హల్లు మీద వేలు పెడితే చుట్టూ చక్రంలా దాని గుణింతం విచ్చుకుంటుంది. కావలసిన వైపు వేలు జరిపితే అక్షరం పడుతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో పని లేదు. ఒకటో తరగతిలో పలక మీద నేర్చుకున్న క గుణింతమే చాలు. టైపు చేసే మనిషికి ముందే ఏం తెలుసో చూసి, దాని మీద కట్టారు. నాకు చాలా ఇష్టమైన పని అది.

ఆ, అక్కడ చెయ్యెత్తారు. చెప్పమ్మా. గట్టిగా చెప్పు. ఉద్యోగాలు ఉంటాయా అని అడుగుతోంది. మంచి ప్రశ్న, నువ్వు అడగకపోతే మీ నాన్నగారు అడుగుతారు. ఉన్నాయి. యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) డిజైనర్, యూఎక్స్ రీసెర్చర్, ప్రోడక్ట్ మేనేజర్, ఇవన్నీ ఈ దారిలోవే. కానీ ఒక ఎలక్టివ్ చదివితే వచ్చేయవు. ఇంకా చదవాలనుంటే ఐఐటీల్లో డిజైన్ విభాగాలున్నాయి, గువాహటిలో ఉంది, మన ఐఐటీ హైదరాబాద్‌లో ఉంది. పీజీ ప్రవేశానికి సీడ్ పరీక్ష రాయాలి. అమెరికాలో కార్నెగీ మెలన్‌లో దీనికోసమే ప్రత్యేకంగా ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది. అవేవీ వద్దు, నేను మామూలు డెవలపర్‌నే అవుతాను అన్నా సరే, ఎర్రర్ మెసేజ్ రాసేది మీరే కదా? 'ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్' అని రాసి వదిలేస్తారా, ఏ గడిలో ఏం తప్పో చెబుతారా? ఆ ఒక్క లైన్ ముందు ఎవరు కూర్చుంటారో మీకు తెలియాలి.

ఇంకొక ప్రశ్న వస్తోంది. ఏమంటున్నారు? బయటివాళ్ళతో మాట్లాడటం టెన్షన్‌గా ఉంటుంది, ఒప్పుకోకపోతే? ఉంటుంది నాన్నా, మొదట అందరికీ ఉంటుంది. నేను లెటర్ ఇస్తాను, కాలేజీ ఐడీ చూపించండి, ఎందుకొచ్చారో రెండు ముక్కల్లో చెప్పండి. వద్దంటే దండం పెట్టి వచ్చేయండి, ఇంకొకరిని వెతుక్కోండి. ఒప్పుకున్నవాళ్ళ పనికి అడ్డం పడకండి. ఫొటో తీసేముందు అడగండి. మోటుగా, నీకింత మాత్రం తెలియదా అన్నట్టు ఒక్క చూపు చూసినా ఆ మనిషి ముడుచుకుపోతారు. తడబడినప్పుడల్లా, ఇది మా డిజైన్ తప్పండీ, మీది కాదు అని పైకి చెప్పండి. ఊరికే మర్యాదకి కాదు, నిజంగానే నమ్మి చెప్పండి.

తీసుకునేవాళ్ళు శుక్రవారం లోపు ఆఫీసులో పేరు ఇవ్వండి. మొదటి క్లాసుకి వచ్చేటప్పుడు పుస్తకం కొనక్కర్లేదు. ఒక పేజీ రాసుకుని రండి. బస్టాండులో, బ్యాంకులో, ఏటీఎం దగ్గర, మీ ఇంట్లో, ఎక్కడైనా సరే. ఒక మనిషి, ఒక యంత్రం, ఒక పని. ఏం చేయబోయారు, ఎక్కడ ఆగారు, ఆగినప్పుడు చెయ్యి ఎటు వెళ్ళింది, ఎవరిని పిలిచారు. మీ అభిప్రాయం వద్దు, సలహా వద్దు, పరిష్కారం అసలే వద్దు. చూసింది చూసినట్టు రాయండి. ఏటీఎం దగ్గర అయితే దూరంగా నిలబడండి, పిన్ కొట్టే వైపు చూడకండి. నిజామాబాద్ వాళ్ళు ఆ 12 డబ్బాల సంగతి మరిచిపోకండి, అది నాకు తప్పకుండా కావాలి.